214వ షీట్ మీది గుట్ట

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి నా దగ్గర నలుగురికీ లేని కారణం ఒకటుంది. మా కాలేజీలో తిరుగుతాయని పిల్లలు చెప్పుకునే దయ్యాలు రెండు. ఆ రెండింటినీ పుట్టించింది నేనే. ల్యాబ్‌లో గాజు సామాను మాయమవుతుంటే, సాయంత్రం అటువైపు ఎవరూ పోకుండా ఒకదాన్ని పెట్టాను. అది బాగా నడిచింది కాబట్టి రెండోదాన్ని ఊరికే సరదాకు పెట్టాను. తాను వండిన సరుకు సంగతి వండినవాడికి తెలియదా?

నన్ను ఎరిగినవాళ్లు ఇది చదివి, సారు మళ్లీ మొదలుపెట్టిండు అనుకుంటారు. అనుకోనివ్వండి. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఎక్కడ నాకు అనుమానం వచ్చిందో, ఆ అనుమానం ఎక్కడ నిలవలేదో అది కూడా రాస్తాను.

నేను జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఇల్లు కోరుట్లలో. పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. అమ్మ ఇప్పటికీ అక్కడే తమ్ముడి దగ్గర ఉంటుంది. కాలేజీలో పాఠం కాక నాకున్న ఇంకో పని హెర్బేరియం చూసుకోవడం. హెర్బేరియం అంటే గొప్పగా ఊహించుకోకండి. రెండు ఇనుప బీరువాలు, వాటి నిండా అట్టలు, అట్టల మీద ఎండిన మొక్కలు, తలుపు తీయగానే ముక్కుకు కొట్టే కలరా ఉండల వాసన.

మొక్కను పాత పేపర్ల మధ్య అదిమి ఎండబెట్టి, దళసరి అట్ట మీద దారంతో కుట్టి, కింద కుడి మూలన ఒక చీటీ అంటిస్తాం. ఏ ఊరు, ఏ గుట్ట, తెచ్చింది ఎవరు, ఆ ఊరివాళ్లు దాన్ని దేనికి వాడతారు, ఆ సంగతి చెప్పింది ఎవరు, అన్నీ ఆ చీటీ మీద ఉండాలి. చీటీ లేని మొక్కకూ పశువులు మేసే గడ్డికీ తేడా లేదు. ఏటా మొదటి క్లాసులో ఈ మాట చెప్పేది నేనే.

ఏడేళ్ల కిందట ఒక తనిఖీ కమిటీ వస్తుందన్నారు. తెల్లారితే వాళ్లు బీరువాలు తెరుస్తారు. షీట్లు తక్కువగా ఉన్నాయి. ప్రాక్టికల్ పరీక్షలకు పిల్లలు తలా పదిహేను షీట్లు ఇస్తారు. అందులో సగం సీనియర్లవే, పేరు మార్చి ఇస్తారు, మేము చూసీ చూడనట్టు మార్కులు వేస్తాం. అలాంటి పాత కట్ట ఒకటి మూలన పడి ఉంది. విప్పి చూస్తే చీటీ ఊడిపోయిన మొక్క ఒకటి కనిపించింది. క్లబ్‌మాస్. చూడ్డానికి నాచులా ఉంటుంది కానీ నాచు కాదు, ఫెర్న్‌కు దూరపు చుట్టం. పువ్వూ కాయా ఉండవు. అసలు రకాలు చల్లటి పెద్ద కొండల మీద పెరుగుతాయి. మా రాళ్ల గుట్టల్లో అప్పుడప్పుడూ దొరికేది వాటి దాయాది, సెలజినెల్లా. ఇదీ అదే. ఇంత శుభ్రంగా, వేరుతో సహా అదిమిన నమూనా మా బీరువాలో ఇంకోటి లేదు. తెచ్చిన పిల్ల ఎవరో, పిలగాడు ఎవరో తెలియదు. ఎక్కడ పీకారో దేవుడికే తెలియాలి.

కొత్త అట్ట తీశాను. మొక్కను కుట్టాను. 214 అని నంబరు వేశాను. చీటీ రాయడానికి కూర్చున్నాను.

ఊరికే ఊరి పేరు రాసి వదిలేస్తే ఈ కథ ఉండేది కాదు. నాకు చెయ్యి ఆగదు. ఇలా రాశాను: ఎల్లంతకుంట మండలం. ఊరికి పడమటి గుట్ట. ఉత్తరం వైపు బండ మీద వరుసగా మూడు రోలు గుంతలు. మూడో గుంత పక్కన పగులులో సీతాఫలం చెట్టు. దాని వేళ్ల నీడలో మొక్క. ఉయ్యాల తొట్టెలలో పరుపు కింద పెడితే పసిపిల్లలు నిద్రలో జడుసుకోరని నమ్మకం. చెప్పినవారు: మల్లవ్వ, మేకలు కాసే ఆమె.

తెచ్చినవారు అన్నచోట నా పేరు రాసుకున్నాను.

ఎల్లంతకుంటే ఎందుకంటే, చిన్నప్పుడు సిరిసిల్ల బస్టాండ్‌లో బస్సు బోర్డు మీద చదివిన పేరు అది. ఆ బస్సు ఎక్కింది లేదు, ఆ ఊళ్లో దిగింది లేదు. గుంతలు మూడే ఎందుకంటే, రెండు రాస్తే బీదగా అనిపించింది. మల్లవ్వ ఎందుకంటే, మా వైపు గుట్ట ఎక్కి కేకేస్తే నలుగురు మల్లవ్వలు పలుకుతారు. కమిటీలో ఒకాయన ఆ చీటీ చదివి నా భుజం తట్టి, ఇట్లా ఉండాలండీ చీటీ అంటే, అన్నాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

ఆ తర్వాత ఆ షీట్‌ను మర్చిపోయాను.

పోయిన వానాకాలం రజిత వచ్చింది. రజిత నా పాత విద్యార్థి. కోరుట్ల పిల్ల. భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. పసిబిడ్డను అత్త దగ్గర వదిలి, ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. మా గుట్టల్లో దొరికే క్లబ్‌మాస్‌లు, వాటిని ఊళ్లవాళ్లు వాడే తీరు, ఇదీ ఆమె విషయం. గడువు రెండుసార్లు పొడిగించారు. దీపావళి లోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది, దాంతో పాటే ఉద్యోగం కూడా. మా జిల్లాల బీరువాలన్నీ గాలించాక ఆమెకు దొరికిన బంగారం ఏమిటంటే నా 214వ షీట్. గుట్ట, గుంత, వాడకం, చెప్పిన మనిషి పేరు, అన్నీ ఉన్న షీట్ అదొక్కటే. ఒక అధ్యాయం మొత్తం దాని మీదే నిలబెట్టింది. అదే చోటు నుంచి తాజా మొక్క తెచ్చి పక్కన పెట్టమని ఆమె గైడ్ అడిగాడట. రెండూ ఒకే చోటివని హెర్బేరియం చూసేవాడు, అంటే నేను, సంతకం పెట్టాలి.

"దారి చెప్పుండ్రి సార్, నేనే పోయొస్త" అంది.

నిజం చెప్పాల్సిన సమయం అదే. చెప్పలేదు. క్వారీవాళ్లు ఆ గుట్టను ఎప్పుడో పగలగొట్టి ఉంటారన్నాను. మల్లవ్వ అప్పటికే ముసలిది, ఈపాటికి పోయి ఉంటుందన్నాను. లేని మనిషిని చంపడానికి నాకు క్షణం పట్టలేదు.

వారం తిరక్కుండానే రజిత పేపర్ల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. విప్పితే సెలజినెల్లా. భూతద్దం కింద పెట్టి చూశాను, అదే రకం. ఫోన్ తీసి ఫొటోలు చూపించింది. బండ మీద మూడు గుంతలు వరుసగా ఉన్నాయి. మూడోదాని పక్కన సీతాఫలం చెట్టు.

"మల్లవ్వ దొరికిందా?" అన్నాను, గొంతు మామూలుగా పెట్టి.

"దొరికింది సార్. సారు మంచిగున్నడా అని మిమ్మల్నే అడిగింది."

నేను నవ్వాను. ఎందుకంటే నాకు వెంటనే అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాను. ఈ పిల్ల నా మోసం పట్టేసింది, ఇప్పుడు నా కథను నాకే అమ్ముతోంది. లేదంటే గడువు తరుముకొస్తుంటే, ఏడేళ్ల కిందట నేను చేసిందే తనూ చేసింది. ఏ గుట్ట మీదనో మొక్క పీకి, ఏ బండనో ఫొటో తీసి తెచ్చింది. రోలు గుంతలు ఏ బండకు ఉండవు? సీతాఫలం ఎక్కడ మొలవదు?

ఆ రోజు నుంచి ఆమె ప్రతి మాటనూ తూకం వేశాను. ఒక్కో ప్రశ్న రెండుసార్లు, రెండు తీర్లుగా అడిగాను. ఒక్కసారి కూడా తడబడలేదు. అబద్ధం చెప్పేవాళ్లు తడబడరని నా అనుభవం, కాబట్టి అనుమానం ఇంకా పెరిగింది. ఆమె దొంగ అని అందామంటే ముందు నేను దొంగనని ఒప్పుకోవాలి. సంతకం పెడదామంటే, మున్ముందు ఎవరైనా తవ్వితే ఇద్దరం మునుగుతాం. చివరికి ఒక మాట అన్నాను. చోటు నా కళ్లతో మళ్లీ చూస్తే తప్ప సంతకం పెట్టను.

రజిత మొహంలో భయం కనిపిస్తుందేమోనని చూశాను. "మీరొస్తనంటె ఇంకేం గావాలె సార్" అంది.

ముందురోజే సిరిసిల్ల పోయి అమ్మ దగ్గర పడుకున్నాను. పొద్దున బస్టాండ్‌లో రజిత కలిసింది. ఎల్లంతకుంటలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. అప్పటికే నేను ఒక ఉచ్చు సిద్ధం చేసి పెట్టుకున్నాను. రజిత నీళ్ల సీసా కొనడానికి పోయినప్పుడు ఆటో అతన్ని పక్కకు పిలిచి, మొక్కలు అదిమే నా చెక్కల కట్ట అతని భుజానికి తగిలించాను. కళ్లద్దాలు కూడా ఇచ్చాను.

"తమ్మీ, గుట్ట ఎక్కేదాక నువ్వే సారువి. ముందట నడువు. నేను ఎనుక డ్రైవర్ లెక్క వస్త."

"నాకు చదువు రాదు గద సార్" అన్నాడు అతను, నిజంగా దిగులుపడి.

"నోరు తెరవకుంటె చాలు. సగం సార్లం గట్లనే నడుస్తున్నం."

నేను తలకు తువ్వాల చుట్టుకుని, మొహానికి మాస్కు పెట్టుకున్నాను. రజిత మమ్మల్ని ఒకసారి చూసి ఆటో ఎక్కింది. నా వేషాలు ఆమెకు కొత్త కాదు. నా లెక్క ఏమిటంటే, రజిత ఆ ముసలమ్మకు ముందే నేర్పి ఉంటే, చెక్కల కట్టతో వచ్చేవాడు సారు అని నేర్పి ఉంటుంది. ముసలమ్మ పోయి ఆటో అతన్ని పలకరిస్తుంది. ఆట కట్టు.

గుట్ట పెద్దదేం కాదు. పొద్దున పదకొండు గంటలకు పైకి చేరాం. బండ ఉత్తరం వైపే ఉంది. గుంతలు మూడు. వేలు పెట్టి చూశాను, నిన్నో మొన్నో తవ్వినవి కావు, అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. మూడో గుంత పక్కన పగులు, అందులో చెట్టు, దాని వేళ్ల కింద పచ్చగా మొక్క. ఇంతవరకూ నేను తట్టుకున్నాను. ఫొటోలో చూసిందే కదా.

తర్వాత మేకలు వచ్చాయి. పదో పన్నెండో ఉంటాయి. వాటిలో ఒక పిల్ల మేక మెడకు, గంతులేసి పారిపోకుండా కొయ్య కట్టి ఉంది. దగ్గరికి వచ్చాక చూస్తే అది మామూలు కొయ్య కాదు. నాడె. మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ మోసుకుపోయే నాడె.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఏడేళ్ల కిందట ఆ చీటీ రాసేటప్పుడు మల్లవ్వ మేకల్లో ఒకదాని మెడకు పాత నాడె కడితే బాగుంటుందని నాకు తోచింది. నేను మగ్గాల ఇంటివాణ్ణి, నా బుర్రకు అట్లాంటివే తోస్తాయి. చీటీలో చోటు చాలక రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత నేను కూడా దాన్ని తలచుకోలేదు, ఆ మేకను చూసేదాకా.

సిరిసిల్ల చుట్టుపక్కల పాత నాడెలు కుప్పలుగా పడి ఉంటాయి, ఎవరైనా కట్టుకోవచ్చు. ఆ మాట నాకు నేను అక్కడే చెప్పుకున్నాను.

మేకల వెనక ముసలమ్మ వచ్చింది. ఆటో అతను సారులా గంభీరంగా నిలబడి ఉన్నాడు. ఆమె అతని ముందు నుంచే నడిచి, అతన్ని పక్కకు జరగమని కట్టెతో సైగ చేసి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మొఖం కప్పుకుంటె ఎర్కవడవనుకున్నవా సారూ?" అంది. "మళ్ళ అస్త అని పోయినవ్. ఎన్ని దినాలాయె."

రజిత నా ఫొటో ముందే చూపించి ఉంటుందనుకున్నాను. అదే రజితను అడిగాను. చూపలేదంది. నమ్మలేదు.

మాస్కు తీసి, "అవ్వా, నేను నిన్ను ఎప్పుడు కలిసిన?" అన్నాను.

"గీ బండ మీదనే గదా. ఒక్కనివే అచ్చినవ్. గీ సెట్టు కింద కూసోని సద్ది తిన్నవ్. గీ ఆకు తొట్టెల్ల ఏస్తె పిల్ల జడుసుకోదని నువ్వే చెప్తివి. నాకేమెర్క అంతకుముందు?"

రజిత ఫోన్‌లో ఇదంతా రికార్డు అవుతోంది. ఆమె చెయ్యి కిందికి జారింది. ఆమె అధ్యాయం ఊరివాళ్ల తెలివి గురించి. ఆ తెలివి సారు నేర్పి పోయిందైతే అక్కడ అధ్యాయమే లేదు. ఒక్క మాటతో ముసలమ్మ నాలుగేళ్ల చదువును గుంతలో వేసి రుబ్బింది.

కానీ రజిత గట్టి పిల్ల. కిందికి దిగి, ఊళ్లో ఇంటింటికీ తిరిగింది. నేను వెనకాలే తిరిగాను. అరవై దాటిన ఆడవాళ్లు ముగ్గురు దొరికారు. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. అందులో ఒకామె నవ్వింది కూడా. "మల్లవ్వ మాటకేంది. మా అత్త ఏసేది, మా అత్తకు ఆళ్ళత్త ఏసేదట. ఏ సారు చెప్పిండు?" రజితకు ప్రాణం లేచి వచ్చింది. నాకు సగం పోయింది. మల్లవ్వ మాట నిజమైతే నేను ఎన్నడూ రాని చోటుకు వచ్చి చెప్పాను. వీళ్ల మాట నిజమైతే తరాల నాటి ఆచారాన్ని నేను జగిత్యాలలో బల్ల ముందు కూర్చుని, కలం తిప్పుతూ కనిపెట్టాను.

తిరుగు బస్సులో రజితకు అంతా చెప్పేశాను. కమిటీ, పాత కట్ట, ఊడిన చీటీ, అంతా. ఆ మొక్క నేను తెచ్చింది కాదన్నాను.

"నా చాప్టర్ నచ్చకపోతె నచ్చలేదని చెప్పుండ్రి సార్. గిట్ల కతలెందుకు?" అంది.

"కత కాదమ్మా. నిజం."

"ల్యాబ్ల గజ్జెల దయ్యం గూడ నిజమనే చెప్పిండ్రు. నేను ఫస్టియరంత ఒక్కదాన్ని మెట్లు దిగలే."



ఇంటికొచ్చి ఆమె గైడ్‌కు ఉత్తరం రాశాను. 214వ షీట్ చీటీ కల్పితమని, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని. నా జీవితంలో ఒక్క అలంకారం కూడా లేకుండా రాసిన కాగితం అదొక్కటే. ఆయన ఫోన్ చేశాడు. వీడియో చూశాననీ, ముసలమ్మ ముసుగులో ఉన్న మనిషిని కూడా గుర్తుపట్టిందనీ, చోటు చీటీలో ఉన్నట్టే ఉందనీ అన్నాడు. "ఇంత సాక్ష్యం పెట్టుకుని మీ మాట ఎట్ల నమ్మాలె సార్? ఆ పిల్ల మీద కోపముంటె వేరే తీర్ల తీర్చుకోండ్రి." మా స్టాఫ్ రూములో కూడా ఇదే మాట తిరిగింది. ఒక ఆడపిల్ల పైకొస్తుంటే చూడలేక సారు సంతకం ఆపుతున్నాడని. నేను రాసిన అబద్ధాన్ని అందరూ నమ్మారు. అది అబద్ధమని చెప్తే ఒక్కరూ నమ్మలేదు.

దీపావళికి తొమ్మిది రోజులుందనగా రజిత ఫారం తెచ్చింది. బతిమాలలేదు. కుర్చీలో కూర్చోలేదు. కాగితం పెట్టి నిలబడింది. నేను సంతకం పెట్టకపోతే ఏం పోతుందో ఇద్దరికీ తెలుసు. కొత్త మొక్కను ఆ బండ మీద, ఆ చెట్టు కింద నా కళ్లతో చూశానని ఒక వాక్యం నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టాను. నేను నిజంగా చూసింది అంతవరకే. కానీ ఫారంలో అచ్చయిన మాటలు, పాత షీటూ ఇదీ ఒకే చోటివని, నా వాక్యానికి పైన అలాగే ఉన్నాయి.

రజితకు ఈ ఎండాకాలంలో డాక్టరేట్ వచ్చింది. థీసిస్ ప్రతి ఒకటి నాకు తెచ్చి ఇచ్చింది. అందులో 214వ షీట్ ఫొటో ఉంది, చీటీతో సహా, నా పేరుతో సహా.

నేనే మర్చిపోయి ఉంటానని చాలామంది అంటున్నారు. ఎప్పుడో పోయి వచ్చి, మరిచి, రాసేటప్పుడు కల్పిస్తున్నానని అనుకున్నానట. అమ్మను అడిగాను, చిన్నప్పుడు ఎవరైనా తీసుకుపోయారా అని. లేదంది. తొట్టెలలో ఆకు సంగతి తాను ఎన్నడూ వినలేదంది. నా పాత డైరీలు, సెలవు చీటీలు తిరగేశాను. ఆ వైపు పోయిన గుర్తు ఒక్కటీ లేదు. రజిత నేర్పించిందా అంటే, నాడె సంగతి ఆమెకు తెలిసే దారి లేదు. నాడె ఒక్కటీ కాకతాళీయం అనుకుంటే గుంతలు, చెట్టు, మల్లవ్వ, ఆకు అన్నీ అదే అనుకోవాలి. ఎన్నింటికని అనుకోను?

మొన్న శ్రావణంలో ఒక్కణ్ణే పోయాను. మల్లవ్వ బండ మీదే ఉంది. నిన్ను నేను ముందెన్నడూ కలవలేదని, మెల్లగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. ఆమె విని, నాకు మతిమరుపు వచ్చిందని జాలిపడింది. మేకలను ఒకసారి అదిలించి, నా పక్కన కూర్చుంది.

"ఏమన్న చెప్పు సారూ" అంది. "నువ్వు చెప్పింది ఉత్తగ పోదు."

నోటిదాకా ఒకటి వచ్చింది. బాగుంది కూడా. నాకు ఎప్పుడూ అడగ్గానే వస్తాయి. పళ్లు బిగబట్టి మింగేశాను. బస్సుకు టైమైందని అబద్ధం చెప్పబోయి, అది కూడా మానుకుని, ఊరికే లేచి గుట్ట దిగాను.

ఇది ఎట్లా జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ మింగేసిన మాట ఏమిటో ఇక్కడ కూడా రాయను.